పదిహేడేళ్ళవాళ్ళ కాగ్

గ్రెగరీ హాలు ఆఫీసు,
కిన్‌లార్ విశ్వవిద్యాలయం,
ఫిబ్రవరి

ప్రియమైన పెదనాన్నకు,

ఫోన్లో చెబితే నీకు సగం వినపడదు, వినపడిన సగం నమ్మవు. అందుకే రాస్తున్నాను. థోరా అక్క పెళ్ళి మా హాల్లోనే! జూన్ మొదటి శనివారం. పెళ్ళికొడుకు ఫర్గస్ వాళ్ళమ్మ చక్రాల కుర్చీలో సముద్రం దాటలేదు కాబట్టి పెళ్ళే సముద్రం దాటి ఇటు వస్తోంది. అక్క ఇక్కడ పాఠాలు చెబుతుంది గనుక హాలు సులువుగా దొరికింది. పొద్దుటి నుంచి నా కాళ్ళు నేల మీద లేవు. ఆఫీసులో ఇద్దరు అడిగారు, పెళ్ళి నీదా మీ అక్కదా అని.

ఇక అసలు సంగతి. మన ఆర్క్నీ దీవుల పెళ్ళి అన్నాక, పెళ్ళి పానీయం నింపిన కాగ్ చేతి నుంచి చేతికి తిరగాలి. నీ కూతురి పెళ్ళిలో నువ్వు చేసిన కాగ్ తిరగాలి. నల్ల చెక్కా తెల్ల చెక్కా మార్చి మార్చి బిగించి, పట్టుకోవడానికి మూడు చెవులు పైకి తేలి, లోపలి నుంచి పొగలు కక్కుతూ. అది లేకపోతే ఇక్కడివాళ్ళలాగే చేతికో సన్న గ్లాసిచ్చి ఫొటో తీసి పంపించేయడమే.

చిక్కల్లా ఒక్కటే. ఈ హాల్లో చుక్క మద్యం పోయాలన్నా లైసెన్సు మీద ఉన్న పేరు నాది. పోయిన చలికాలానికి ముందు పడవ పందేల క్లబ్బువాళ్ళు సంచుల్లో సొంత సీసాలు తెచ్చుకుని మా బల్లల కింద పెట్టుకు తాగారు. నేను లైసెన్సు మండలి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాను. ఇంకొక్క తప్పు జరిగితే హాలు లైసెన్సు ఆపేస్తామన్నారు. లైసెన్సే లేకపోతే నేనెందుకు? కుర్చీలు సర్దడానికా?

అయినా సరే, కాగ్ తిప్పిస్తాను. రూలు ప్రకారమే తిప్పిస్తాను. నువ్వు చెక్క ఎండబెట్టు.

నీ ఇంగా

~

బిర్సే, ఆర్క్నీ,
ఫిబ్రవరి నెలాఖరు

అమ్మా ఇంగా,

ఉత్తరం అందింది. సంతోషం. వీధి చివర లీస్క్ మామ్మకు చదివి వినిపించాను. పొద్దుటి నుంచి టోపీలు బయటికి తీసి తల మీద పెట్టుకుని చూసుకుంటోంది.

కాగ్ సంగతి. ఎందుకమ్మా అంత తంటా? రూలంటే రూలే. పెద్ద విశ్వవిద్యాలయం, పైన మండలి, నీ ఉద్యోగం. ఒక చెక్క గిన్నె కోసం వాటితో పెట్టుకుంటావా? సన్న గ్లాసుల్లో ఏదో పోయించు. బుడగలొచ్చేది ఉంటుంది కదా, అది. థోరా ఏమీ అనుకోదు. పైగా నా వేళ్ళు మునుపటిలా లేవు, కాగ్ చుట్టూ కట్టే విల్లో బెత్తం వంచుతుంటే చేతిలోంచి జారిపోతోంది.

నేను మాత్రం తప్పకుండా వస్తాను. కిర్క్‌వాల్ పట్నంలో సూటుకు కొలతలిచ్చాను. దర్జీ నా నడుము కొలిచి మళ్ళీ కొలిచాడు, మొదటిది నమ్మబుద్ధి కాక.

పెదనాన్న

~

కిన్‌లార్,
మార్చి

ప్రియమైన పెదనాన్నకు,

నువ్వేనా ఆ ఉత్తరం రాసింది? మన ఊరి ఆంగస్ పెళ్ళిలో కాగ్‌కి పగులొస్తే వాన గాలిలో సైకిలేసుకుని ఇంటికెళ్ళి ఇంకోటి తెచ్చిన మనిషివి నువ్వేనా? 'చెక్క గిన్నె' అట! లీస్క్ మామ్మ పక్కన కూర్చుని రాయించిందేమో అనుకున్నాను.

నువ్వు నా ఉద్యోగం గురించి భయపడుతున్నావని నాకు తెలుసు. భయపడకు. నిన్న మిసెస్ పిరీ వచ్చారు. కౌన్సిల్ తరఫున మద్యం లైసెన్సులు తనిఖీ చేసే అధికారి. ఆవిడ కారు దిగితే ఊళ్ళో బార్ల వాళ్ళందరూ కౌంటర్లు తుడవడం మొదలెడతారు. బూడిద రంగు కోటు, చేతిలో ఫైలు, ముఖంలో ఏమీ ఉండదు. నేను కాగ్ అనగానే కలం ఆపారు.

"కాగ్ అంటే ఏమిటి?"

చెప్పాను. వేడి బీరులో విస్కీ, రమ్ము, బ్రాందీ, చక్కెర, మిరియాలు కలుపుతారని, పెళ్ళికూతురు ముందు తాగుతుందని, ఆ తర్వాత సూర్యుడు తిరిగే వైపుగా చేతి నుంచి చేతికి హాలంతా తిరుగుతుందని. ఒక్కొక్క మాటకీ ఆవిడ కనుబొమ్మ కాస్త కాస్త పైకి లేస్తోంది.

"బీరు ఎక్కడిది?"

"పెదనాన్న ఇంట్లో కాచేదండీ."

"లైసెన్సున్న హాల్లో ఇంటి బీరు పోయడానికి వీల్లేదు."

సరే, ఒక దెబ్బ. తర్వాత కొలత. విస్కీ ఎంత పోస్తారో కొలిచి పోయాలి కదా అన్నారు. అంతలో ఆవిడే ఆగి ఫైలు తిరగేసి, "మూడు నాలుగు ద్రవాలు కలిపిన పానీయానికి ఆ కొలత రూలు పట్టదు. మీ పెద్దలు తెలిసి చేశారో తెలియక చేశారో గాని గట్టివాళ్ళే" అన్నారు. నేను లేచి కుర్చీ చుట్టూ తిరిగొచ్చాను. నిజంగా తిరిగాను.

వెళ్ళబోతూ ఇంకో ప్రశ్న వేశారు. "తాగనివాళ్ళ సంగతేమిటి?"

"మా పెళ్ళిళ్ళలో అలాంటివాళ్ళుండరండీ. కాగ్ చేతికొస్తే వద్దనకూడదు. వద్దంటే ఆ జంటకి కీడు" అన్నాను గొప్పగా.

"అయితే మద్యం తాగని మనిషికి మీ వరసలో చోటే లేదన్నమాట" అన్నారు.

జవాబు కోసం ఆగకుండా ఫైలు చంకలో పెట్టుకుని వెళ్ళిపోయారు.

రాత్రి థోరా అక్కతో మాట్లాడాను. కాగ్ కుదరకపోవచ్చేమో అని నీ ఉత్తరం సంగతి నసిగేసరికి కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. "నాన్న ప్రాణమంతా దాన్లోనే ఉంది. కాగ్ లేని పెళ్ళిలో ఆయన ఎక్కడ నిలబడతాడు? ఏం చేస్తాడు?" అంది. విన్నావుగా. కాబట్టి నాకు ఇంక బుడగల గ్లాసుల సంగతి రాయకు.

నీ ఇంగా

~

బిర్సే,
మార్చి

అమ్మా ఇంగా,

మిసెస్ పిరీ గారు చెప్పింది అక్షరాలా నిజం. బుద్ధిమంతురాలిలా ఉంది. ఇంటి బీరు పోయనివ్వకపోతే అది కాగే కాదు. మా అమ్మ కాచింది, మీ పెద్దమ్మ రూబీ కాచింది, ఇప్పుడు నేను కాస్తున్నాను. కొన్న బీరు పోస్తే మన బిర్సేవాళ్ళు మూతి పెట్టరు. కాబట్టి ఇక్కడితో వదిలెయ్. దేవుడి మీద ఒట్టు, నాకేమీ బాధ లేదు.

కాగ్ సగంలో ఉంది. అడుగు చెక్క బిగియడం లేదు. ఒక్కో రోజు వర్క్‌షాపులోకి వెళ్ళి దాన్ని చూసి తిరిగి వచ్చేస్తున్నాను.

సూటు వచ్చింది. నీలం రంగు. లీస్క్ మామ్మ చూసి, "సిగుర్డ్, నువ్వే పెళ్ళికొడుకువేమో అనుకుంటారు, జాగ్రత్త" అంది. పడవ టికెట్టు తీసుకున్నాను.

పెదనాన్న

~

కిన్‌లార్,
ఏప్రిల్

ప్రియమైన పెదనాన్నకు,

గెలిచాను! ముందు ఆ మాట రాసేస్తే గాని చెయ్యి కుదురుగా ఉండేలా లేదు. గెలిచాను, పెదనాన్నా!

బీరు గోల తేలిపోయింది. మన ద్వీపంలోనే లైసెన్సున్న బ్రూవరీ ఉంది కదా, వాళ్ళకి ఫోన్ చేశాను. మా పెదనాన్న సిగుర్డ్ డ్రీవర్ అనగానే, "కాగ్‌ల సిగుర్డా? ఆయన పద్ధతిలోనే ఒక పీపా కాచి పంపుతాం, ఆయనొచ్చి రుచి చూసి సరేనంటే చాలు" అన్నారు. కాబట్టి నువ్వు వెళ్ళి ఒక గుక్క రుచి చూసి రా.

అంతా అయిపోయిందనుకున్నాను. అప్పుడు మా విశ్వవిద్యాలయం కమిటీ తగిలింది. కార్యదర్శి డాక్టర్ ఇన్నెస్. రూలు పుస్తకాన్ని దిండు కింద పెట్టుకు పడుకునే రకం.

"మిస్ డ్రీవర్, ఈ దేశంలో మద్యం వడ్డించే ప్రతి మనిషికీ ముందుగా రెండు గంటల శిక్షణ ఉండాలి. అవునా?"

"అవునండీ."

"ఈ కాగ్‌ను అతిథి పక్క అతిథికి అందిస్తాడు. అవునా?"

"అవునండీ."

"అందించేవాడు వడ్డించేవాడే కదా. మీ హాల్లో అందరూ వడ్డించేవాళ్ళే. వాళ్ళలో శిక్షణ ఎంతమందికి ఉంది?"

కమిటీ అంతా నవ్వింది. ఆయన ఫైలు మూసేశాడు. తలుపు దాకా నడిచాను. అక్కడ ఆగిపోయాను. ఎందుకంటే, పెదనాన్నా, శిక్షణ ఇచ్చే అర్హత నాకుంది! ఏటా బార్‌లో పనికొచ్చే విద్యార్థులకు ఇచ్చేది నేనే.

వెనక్కి తిరిగి, "అయితే అందరికీ శిక్షణ ఇస్తాను" అన్నాను.

"ఎవరందరికీ?"

"పెళ్ళివాళ్ళందరికీ. పెళ్ళి రోజు పొద్దున్న. కెమిస్ట్రీ వాళ్ళ పెద్ద లెక్చర్ హాలు ఖాళీయే. రెండు గంటలు కూర్చోబెట్టి, పరీక్ష పెట్టి, చేతికి సర్టిఫికెట్ ఇచ్చి, అప్పుడు కాగ్ దగ్గరికి పంపుతాను."

డాక్టర్ ఇన్నెస్ మూసిన ఫైలు మళ్ళీ తెరిచి ఆ మాట రాసుకున్నాడు. సాయంత్రం మిసెస్ పిరీకి ఫోన్ చేసి చెప్పాను. అవతల నుంచి ఏదో బుసలు కొట్టిన చప్పుడు వచ్చింది. కోపమొచ్చిందేమో అని భయపడ్డాను. తీరా చూస్తే ఆవిడ నవ్వుతున్నారు. ఆ మనిషికి నవ్వు వచ్చని ఈ ఊళ్ళో ఎవరూ నమ్మరు. "వీళ్ళకి ఆ శిక్షణ అవసరమని నేననను. కానీ ఇస్తానంటే వద్దనే రూలూ లేదు. నేను కూడా వచ్చి చూస్తాను" అన్నారు.

థోరా అక్క నన్ను ఎత్తి గిరగిరా తిప్పింది. మీ నాన్నకి నేనే రాస్తాను అని నేను పోట్లాడి మరీ రాస్తున్నాను. కాగ్ పూర్తి చెయ్యి! అడుగు చెక్క బిగించు! ఇంక నిన్నాపేవాళ్ళు లేరు.

గాల్లో తేలుతున్న నీ ఇంగా

~

బిర్సే,
ఏప్రిల్

అమ్మా ఇంగా,

నీ తెలివికి సంతోషం. కాగ్ అయిపోయింది, బాగానే కుదిరింది. పార్సెల్ కట్టి పడవలో పంపిస్తాను. బ్రూవరీకి లీస్క్ మామ్మ వెళ్ళి రుచి చూసింది. ఒక గుక్క సరిపోలేదట, మళ్ళీ మళ్ళీ చూసింది.

నేను మాత్రం రాలేనేమో. గొర్రెలు ఈనే కాలం. మోకాలు కూడా బాగాలేదు. జూన్‌లో సముద్రం ఎలా ఉంటుందో చెప్పలేం. థోరాకు నువ్వే నచ్చజెప్పు. పడవ టికెట్టు లీస్క్ మామ్మ మనవడికి ఇచ్చేశాను.

పెదనాన్న

~

కిన్‌లార్,
మే

పెదనాన్నకు,

జూన్‌లో గొర్రెలు ఈనుతాయా? బిర్సేలో పుట్టినదానికే చెబుతున్నావా ఈ కబుర్లు? మోకాలు బాగాలేని మనిషివి పోయిన నెల కొట్టం మీదికెక్కి పలకలు సరిచేశావని లీస్క్ మామ్మ అక్కకి చెప్పింది.

నాకేమీ అర్థం కావడం లేదు. కాగ్ కుదరదన్నప్పుడల్లా సూటు, టికెట్టు, జోకులు. కుదిరిందనగానే మోకాలు. నేను నీ కోసం కమిటీతో పోట్లాడాను. నీ కోసమే, ఇంకెవరి కోసం? అక్కకి నీ ఉత్తరం చూపించాల్సి వచ్చింది. చదివి మడిచి ఇచ్చేసింది. "ఆయన ఇష్టం" అని మాత్రం అంది. ఆ మాట అంటున్నప్పుడు దాని ముఖం నువ్వు చూడాల్సింది. నాకు నీ మీద కోపంగా ఉంది. రాసేస్తున్నాను, దాచుకోను.

సరే, రాకపోతే రాకు. పని ఒకటుంది, అదైనా చెయ్యి. పెళ్ళిలో వాయించేది థోరా అక్క నేర్పిన ఫిడేలు పిల్లలు. మొదటి ఏడాదివాళ్ళు. మన దగ్గర పదిహేడుకే విశ్వవిద్యాలయానికి వచ్చేస్తారు కదా, వాళ్ళలో కొందరు ఇంకా పదిహేడులోనే ఉన్నారు. ఆ సంగతి నాకు తట్టనే లేదు, పెదనాన్నా! ఇన్ని రూలు పుస్తకాలు తిరగేసినదాన్ని. మిసెస్ పిరీ ఫిడేలు పిల్లల పేర్లడిగి, "వీళ్ళు కూడా వరసలో నిలబడతారు కదా? కాగ్ వీళ్ళ చేతికొస్తే ఏం చేస్తారు? వద్దనకూడదన్నారుగా" అన్నారు. పదిహేడేళ్ళ పిల్ల ఒక్క గుక్క తాగినా లైసెన్సు పోతుంది, నేనూ పోతాను. పిల్లల్ని వరసలోంచి తీసి గోడకి నిలబెడితే థోరా అక్క ఒప్పుకోదు. "వాయించడానికి కావాలి గాని పెళ్ళిలోకి వద్దా?" అంటుంది.

అందుకని రెండో కాగ్ పెడదామనుకున్నాను. చిన్నది. దాన్లో ఆపిల్ రసం, అల్లం, తేనె, మిరియాలు. పొగలు కక్కేలా వేడిగా. లోపలి వరసలో అది, బయటి వరసలో పెద్దది. రెండూ ఒకేసారి, ఒకే వైపు తిరుగుతాయి. మిసెస్ పిరీ సంతకం పెట్టేశారు. పిల్లలు చిన్నబుచ్చుకోకుండా ఉండాలంటే అది పెద్దదాని కంటే అందంగా ఉండాలి. చేతనైతే చెయ్యి. చేతకాకపోతే మార్కెట్లో ఏదో ఒక కుండ కొంటాను.

ఇంగా

~

బిర్సే,
మే

అమ్మా ఇంగా,

కుండ కొనకు. చిన్న కాగ్ అయిపోయింది. నీ ఉత్తరం వచ్చిన రోజే మొదలెట్టాను. వేళ్ళు వాటంతట అవే పనిచేశాయి. బురదనేలలోంచి తవ్వి తీసి మీ తాత దాచిపెట్టిన ఓక్ చెక్క ఉండేది, నల్లగా మెరుస్తుంది, ఎవరికీ ఇవ్వలేదు ఇన్నాళ్ళూ. అది వాడాను. చెవులు చిన్న చేతులకు సరిపోయేలా చెక్కాను. లీస్క్ మామ్మ చూసి పెద్దదానికి ఇంత పని పెట్టలేదేమిటి అని అడిగింది. నేను నీళ్ళు నమిలాను. నీ దగ్గర నమలను.

మీ పెద్దమ్మ రూబీ పోయే ముందు నా చెయ్యి పట్టుకుని అడిగింది, ఇంక తాగనని మాటిమ్మని. డాక్టరు అంతకు ముందే చెప్పాడు గాని డాక్టరు మాట ఎవరు వింటారు. రూబీకి మాటిచ్చాను. ఆ రోజు నుంచి చుక్క ముట్టలేదు. కానీ ఎవరికి చెప్పుకోను? కాగ్‌లు చేసేవాడు తాగడంటే ఊళ్ళో నవ్వరా? మొదటి గుక్క పెళ్ళికూతురిది, చివరి గుక్క సిగుర్డ్‌ది అని అలవాటైపోయింది అందరికీ. కాగ్ నా చేతికొస్తే వద్దనకూడదు. వద్దంటే జంటకి కీడు. అందుకని పైకెత్తి, పెదవి తడిపి, మీసం తుడుచుకునేవాణ్ణి. అందరూ చప్పట్లు కొట్టేవాళ్ళు. ఇన్ని పెళ్ళిళ్ళూ అలా గడిపేశాను.

ఊరివాళ్ళ పెళ్ళిళ్ళలో నటించాను, పరవాలేదు. నా కూతురి పెళ్ళిలో నటించలేను. నిజంగా తాగితే రూబీకిచ్చిన మాట పోతుంది. వద్దంటే థోరాకి కీడు. మీ రూలు పుస్తకం అడ్డుపడి కాగ్ ఆగిపోతుందని నేనెంత ఆశపడ్డానో నీకు తెలియదు. ఆ ఇన్నెస్ ఎవరో గెలుస్తాడని రోజూ ఎదురుచూశాను. నువ్వేమో గెలిచానని రాశావు. ఆ రాత్రి సూటు పెట్టెలో పెట్టేశాను.

ఇప్పుడు ఒక్క మాట అడుగుతాను. నవ్వకు. చిన్న కాగ్ పదిహేడేళ్ళవాళ్ళకి అన్నావు. ఆ వరసలో డెబ్బై నాలుగేళ్ళవాడు నిలబడొచ్చా? రూలు ఏమంటుంది?

పెదనాన్న

~

కిన్‌లార్,
మే నెలాఖరు

నా బంగారు పెదనాన్నకు,

నవ్వలేదు. ఆఫీసు తలుపు వేసుకుని ఏడ్చాను. నేను మిసెస్ పిరీతో గొప్పగా అన్నాను చూడు, మా పెళ్ళిళ్ళలో తాగనివాళ్ళుండరని. ఆ తాగని మనిషి ఎన్నో ఏళ్ళుగా మా మధ్యే కాగ్ పట్టుకు నిలబడ్డాడు.

రూలు చెబుతాను, విను. పద్దెనిమిది దాటనివాళ్ళు లోపలి వరసలో ఉండి తీరాలి. అంతే రాసి ఉంది. దాటినవాళ్ళు అక్కడికి రాకూడదని ఎక్కడా లేదు. అయినా నీ పేరు చెప్పకుండా మిసెస్ పిరీని అడిగాను. ఆవిడ ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "రావొచ్చు. నేను డ్యూటీలో ఉంటాను గనుక నేనూ ఆ వరసలోనే. పెళ్ళివాళ్ళ బస్సు నడిపేవాళ్ళు కూడా అక్కడే. కాస్త పెద్దవాళ్ళుంటే నాకూ తోడు" అన్నారు.

థోరా అక్కకి చెప్పలేదు. చెప్పేది నువ్వే, చెప్పాలనుంటేనే. కొత్త టికెట్టు దీనితోనే పంపుతున్నాను. సూటు పెట్టెలోంచి తీసి ఎండలో వెయ్యి. పెళ్ళి రోజు పొద్దున్న శిక్షణలో మొదటి బెంచీలో కూర్చో. మార్కులు తక్కువొస్తే పెదనాన్నవని కూడా చూడను.

నీ ఇంగా

~

బిర్సే,
జూన్

అమ్మా ఇంగా,

క్షేమంగా చేరాను. పడవలో లీస్క్ మామ్మ దారంతా నిద్రపోయింది, టోపీ తీయకుండా.

నువ్వు హాల్లో అటూ ఇటూ పరుగెడుతూ సగం చూసి ఉండవు. అందుకని నేను చూసింది రాస్తున్నాను, దాచుకో.

శిక్షణ నా జన్మలో మరిచిపోను. కెమిస్ట్రీ హాల్లో బిర్సే రైతులందరూ టైలు కట్టుకుని మెట్ల బెంచీల మీద కూర్చోవడం! ఎవరు మత్తులో ఉన్నారో గుర్తుపట్టడం ఎలా అని నువ్వు పాఠం చెబుతుంటే అందరూ ఆంగస్ వైపు చూశారు. ఇరవై అయిదు దాటనట్టు కనిపిస్తే వయసు రుజువు అడగాలి అన్నావు. అడిగి చూపిస్తానని పోయి పోయి లీస్క్ మామ్మ దగ్గరికి వెళ్ళావు. "వయసు రుజువు చూపించండి" అన్నావు. "ఇంగా, నీ బొడ్డు కోసింది నేనే. ఆ లెక్కన నా వయసెంతో నువ్వే చెప్పు" అంది మామ్మ. వెనక కూర్చున్న మిసెస్ పిరీ ఫైలు ముఖానికి అడ్డం పెట్టుకోవడం నేను చూశాను. నాకు పరీక్షలో ఒక్కటే తప్పు వచ్చింది. ఆంగస్ దగ్గర చూసి రాయడం వల్ల వచ్చింది.

సాయంత్రం రెండు కాగ్‌లూ బయల్దేరాయి. పెద్దది ముందు సగం దూరం బాగానే వెళ్ళింది. ఇంతలో ఫర్గస్ మేనమామ, పాపం తెలియనివాడు, సూర్యుడికి ఎదురు వైపు తిరిగి ఇచ్చేశాడు. బిర్సేవాళ్ళంతా ఒక్కసారి కేక పెట్టారు. మిసెస్ పిరీ పరుగెత్తుకొచ్చారు. "ఏ నిబంధన? ఏ నిబంధన తప్పారు?" అని ఆ అమ్మ కంగారు! "ఇది మా నిబంధన, మీ పుస్తకంలో లేదు" అని ఆంగస్ చెప్పి, కాగ్ లాక్కుని, సూర్యుడు తిరిగే వైపు తిప్పాడు. ఆవిడ నిజంగానే జేబులోంచి కలం తీసి రాసుకున్నారు.

నేను లోపలి వరసలో నిలబడ్డాను. ఒక పక్క ఫిడేలు పిల్ల, చెవులకు ఎర్ర రాళ్ళు. ఇంకో పక్క మిసెస్ పిరీ. మనవాళ్ళు నన్ను చూసి గుసగుసలాడుకున్నారు. సిగుర్డ్ అక్కడేం చేస్తున్నాడని ఆంగస్ గట్టిగానే అడిగాడు. నేల చూస్తూ నిలబడ్డాను.

థోరా మొదటి గుక్క ఎప్పుడో తాగి పెద్ద కాగ్‌ను ఫర్గస్‌కి ఇచ్చేసింది కదా. ఇప్పుడు తెల్ల బట్టల అంచు చేత్తో ఎత్తి పట్టుకుని హాలు అడ్డంగా నడిచి నా వైపు వచ్చింది. అందరి ముందూ ఎందుకు నాన్నా ఇక్కడ అని అడుగుతుందనుకున్నాను. ఏం చెప్పాలో వెతుక్కుంటున్నాను. అది నన్నేమీ అడగలేదు. ఆ ఫిడేలు పిల్ల చేతిలోంచి చిన్న కాగ్ తీసుకుని నా చేతిలో పెట్టింది.

"నాన్నా, గుటక వెయ్యి. దీన్ని నిజంగానే తాగొచ్చు" అంది, నాకొక్కడికే వినపడేలా.

నీకెలా తెలుసే అన్నాను.

"మన ఊళ్ళో ఇసా పెళ్ళి అయిందే, అప్పటి నుంచీ తెలుసు. కాగ్ ఎత్తినప్పుడు నీ గొంతు కదలదు కదా."

"తెలిసి కాగ్ కోసం ఎందుకంత పట్టుబట్టావు మరి?"

"అది లేకపోతే నువ్వు బాధపడతావని. నువ్వెందుకు ఊరుకున్నావు?"

"వద్దంటే నువ్వు బాధపడతావని."

అది పక్కకి తిరిగి ముక్కు తుడుచుకుంది. ఇద్దరం ఒకరి కోసం ఒకరం ఇన్నాళ్ళు ఈ తద్దినం పెట్టుకున్నామా అని నాకు నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. తాగాను. అల్లం కాస్త ఎక్కువైంది, ఈసారి తగ్గించు. గొంతు దిగిన చప్పుడు నాకే వినపడింది. ఆంగస్ అవతలి నుంచి చప్పట్లు కొట్టాడు, ఎందుకో తెలియకుండానే. తర్వాత దగ్గరికొచ్చి, "అది బాగుందా? నాకూ డాక్టరు ఏదో చెప్పాడులే" అని నసుగుతూ ఒక గుక్క తీసుకున్నాడు.

పెద్ద కాగ్ థోరా దగ్గరే ఉంటుంది, అది దాని సొమ్ము. చిన్నది మీ హాల్లోనే ఉంచు. ఏటా పదిహేడేళ్ళవాళ్ళు వస్తూనే ఉంటారు కదా. నేను ఇంకొకటి మొదలెట్టాను. లీస్క్ మామ్మ మనవడి పెళ్ళి ఆగస్టులో, ఇక్కడే, ఇక్కడ ఏ లైసెన్సూ అక్కర్లేదు. అయినా రెండు కాగ్‌లు తిరుగుతాయని ఊళ్ళో చెప్పేశాను.

మద్యం వడ్డించడానికి అర్హుడు అని నువ్విచ్చిన సర్టిఫికెట్ రూబీ ఫొటో పక్కన తగిలించాను. ఆవిడ చూసి ఏమనుకుంటుందో.

ఒక్క మాట. మీ హాల్లో ఎప్పుడైనా నా వయసువాడెవడైనా ఆ లోపలి వరసలోకి వచ్చి తలొంచుకు నిలబడితే, వయసు రుజువు అడక్కు.

పెదనాన్న